ఎడమకు తిరిగే ప్రొపెల్లర్

1968 ఏప్రిల్‌లో ఇంగ్లండు తూర్పున ఎసెక్స్ తీరంలోని ఒక చిన్న పడవల యార్డులో ఇంజన్ల సర్వేయర్‌గా చేరాను. అంతకుముందు పదకొండేళ్లు సరుకు ఓడల్లో పనిచేశాను. చివరి మూడేళ్లు సెకండ్ ఇంజనీర్‌ని, అంటే ఇంజన్ గదిలో చీఫ్ తరువాతి మనిషిని. ఇల్లంత ఇంజన్ల మధ్య తిరిగినవాణ్ణి కాబట్టి మంచం కిందకి తోసేయగలిగే ఇంజన్లను మొదట్లో చిన్నచూపు చూశాననే చెప్పాలి. నా పని ఇదీ: పాత ఇంజన్ మార్చాలనుకునే యజమానికి ఏది సరిపోతుందో కొలిచి చెప్పడం, బిగించాక నీటి మీద నడిపి చూడడం, బీమా కంపెనీకి రిపోర్టు రాయడం. ఆ రిపోర్టు మీద నా సంతకం పడకపోతే పడవకు బీమా లేదు. బీమా లేని పడవను మా యార్డు కదలనిచ్చేది కాదు.

లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో నేనూ మా ఆవిడా ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. పొద్దున్నే రైలెక్కి చివరి స్టేషన్‌లో దిగితే, అక్కడినుంచి యార్డు దాకా ఒక సముద్రపు పాయ కట్ట మీద నడక. ఆటు సమయంలో ఆ పాయలో నీళ్లుండవు. మైలు పొడవునా బురద, దాని మీద పక్కకు ఒరిగి నిద్రపోతున్న పడవలు. తరువాత పోటు వచ్చేది. శబ్దం ఉండదు, అల ఉండదు, ఎటునుంచి వచ్చాయో తెలియకుండా నీళ్లు వచ్చి చేరేవి. పడవలు ఒక్కొక్కటే లేచి నిలబడేవి. అది చూస్తూ టీ చల్లార్చుకున్న రోజులు చాలా ఉన్నాయి. ఇంటికి వచ్చాక కూడా ఆ నీళ్లు కళ్ల ముందే కదులుతూ ఉండేవి. అన్నం ముందు కూర్చుని ఎటో చూస్తున్నానని మా ఆవిడ ఆటపట్టించేది.

జూన్‌లో ఒక జాబ్ కార్డు మీద యజమాని పేరు చూసి రెండోసారి చదువుకున్నాను. డాక్టర్ వెంకటరత్నం. నరసాపురం మనిషి. యుద్ధానికి ముందే పై చదువుకు వచ్చి, మా యార్డున్న ఊళ్లోనే జీపీగా, అంటే ఊరి డాక్టరుగా స్థిరపడి, దాదాపు ముప్పై ఏళ్లు సర్జరీ, అక్కడివాళ్ల మాటలో క్లినిక్, నడిపి, ముందటేడే మానేశారు. భార్య ఇంగ్లీషావిడ, పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక పడవ. ఇరవై ఆరడుగుల పొడవు, ఓక్ చట్రం మీద పైన్ పలకలు, ఒకే తెరచాప కొయ్య. పేరు వశిష్ఠ. నరసాపురం పక్కన పారే గోదావరి పాయ పేరది. ఆ పేరు తెలుగు అక్షరాల్లో ఎసెక్స్ బురద మీద చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

ఆయన ఇంజన్ పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరసనాయిలు మీద నడిచే పాతకాలపుది. సముద్రపు నీటితోనే చల్లబడుతుంది గనుక ఉప్పు లోపలినుంచి తినేసి సిలిండర్ల దిమ్మ పగిలింది. అతుకు వేయడానికి వీల్లేదు. మారిస్తే మూడు దారులున్నాయి. ఒకటి, మోటారు కారు ఇంజన్‌ను పడవకు మలిచినది. తేలిక, కుదుపు తక్కువ, కానీ పెట్రోలు ఆవిరి పడవ అడుగున చేరితే ప్రమాదం. రెండోది ఒంటి సిలిండర్ డీజిల్. మొండిఘటం, కానీ దాని కుదుపుకు ముప్పై ఏళ్ల పలకల కీళ్లు వదులవుతాయి. మూడోది రెండు సిలిండర్ల డీజిల్, పన్నెండు హార్స్‌పవర్. కొంచెం బరువు, ఇంజన్ కూర్చునే దూలాలను కాస్త సవరించాలి. మూడోదే రాశాను. ఇప్పుడు అడిగినా అదే రాస్తాను.

కొలతలు తీసుకున్న రోజు డాక్టరుగారు పక్కనే కూర్చుని నరసాపురం రేవులో లాంచీల గురించి, వాటిని నడిపే ఒక సరంగు గురించి చెబుతూ ఉన్నారు. ఆ సరంగు కళ్లు మూసుకుని లాంచీని రేవుకు తెచ్చేవాడట. నేను సగం చెవితో వింటూ టేపు చదువుకుంటున్నాను. కొత్త ఇంజన్ ఎలా ఉండాలని అడిగితే ఆయన ఒకే మాట చెప్పారు.

“నేనొక్కణ్ణే నడుపుకునేలా ఉండాలయ్యా. ఇంకేం అక్కర్లేదు.”

హ్యాండిల్ తిప్పే ఓపిక లేదు కాబోలనుకుని, ఫారంలో ఎలక్ట్రిక్ స్టార్టర్ అని రాసుకున్నాను.

ఫారంలో ఇంకో గడి ఉంది: ప్రొపెల్లర్ తిరిగే దిశ. పాతది ఎడమకు. కొత్త ఇంజన్‌తో వచ్చే గేర్‌బాక్స్‌కు కుడికి తిరిగేది కావాలి. అలాగే తెప్పించాను. ఈ దిశ సంగతి కొంచెం చెప్పాలి. చిన్న పడవను వెనక్కు నడిపినప్పుడు ప్రొపెల్లర్ దాని వెనుక కొసను ఒక పక్కకు లాగుతుంది. ఎడమకు తిరిగేదైతే కుడిపక్కకు, కుడికి తిరిగేదైతే ఎడమపక్కకు. తెలిసినవాళ్లు ఆ లాగుడునే వాడుకుని, పడవలు కట్టే జెట్టీకి ఆనుకుంటారు. దిశ మారిస్తే డాక్టరుగారికి ఇబ్బంది కాదా అని మా ఫోర్‌మన్ ఫ్రెడ్ ఒకసారి అడిగాడు. రెండు శనివారాలు పోతే ఎవరికైనా అలవాటవుతుందని అతని మాట కొట్టిపారేశాను.

ఆగస్టులో నడిపి చూశాం. పల్చటి పొగమంచు, గాలి లేదు. నీరేదో ఆకాశమేదో తెలియని తెలుపు. పాయకు రెండు పక్కలా దారి గుర్తుగా పాతిన కర్రలు ఒక్కొక్కటీ ఎదురొచ్చి వెళ్లిపోతున్నాయి. ఇంజన్ మెత్తగా గొణుగుతోంది. డాక్టరుగారు చుక్కాని పట్టుకుని, చెప్పులు విడిచి, ఉత్త కాళ్లతో నిలబడ్డారు. ఆ గంటన్నరలో మేమిద్దరం పది మాటలు కూడా మాట్లాడుకోలేదు. నా ఉద్యోగంలో అంత సుఖమైన గంటన్నర మరొకటి లేదు.

తిరిగి వచ్చి జెట్టీ కుడిపక్కకు వచ్చేలా పడవను తెచ్చారు. వేగం తగ్గించారు. సరిగ్గా రావలసిన చోట గేరు వెనక్కు వేశారు. అలవాటు ప్రకారం వెనుక కొస జెట్టీ వైపు రావాలి. అది ఎడమకు, నీళ్లలోకి పోయింది. ముందు కొస తిరిగి జెట్టీ గుంజ మీదకు వెళుతోంది. చూసేవాడెవడైనా చుక్కాని తిప్పుతాడు, కనీసం ఒక కేక వేస్తాడు. ఆయన తల కాస్త వంచి అలాగే నిలబడ్డారు. పక్కన కట్టిన రబ్బరు దిండు జెట్టీకి తగిలే చప్పుడు కోసం ఎదురుచూస్తున్నారని అప్పుడు అర్థమైంది. నేను లాగేలోపే పడవ ముందు కొస గుంజను గీసుకుంటూ పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అడుగు పొడవున రంగు లేచిపోయింది.

పడవ కట్టాక ఇద్దరం లోపల కూర్చున్నాం. నాకు ముందు కోపం వచ్చింది. కళ్లు కనిపించని మనిషి నన్ను పక్కన పెట్టుకుని గంటన్నర పడవ నడిపాడు. అదే అన్నాను, కాస్త గట్టిగానే. ఆయన డాక్టరు, జబ్బును డాక్టరులాగే చెప్పారు. చూపు నడిమధ్యన మసక, పక్కలన్నీ కనిపిస్తాయి, ఎదురుగా వచ్చే పడవ ఆకారం తెలుస్తుంది, దగ్గరికి వచ్చాక జెట్టీ అంచు మాత్రం తెలియదు. రెండేళ్లుగా ఇలాగే తెచ్చి కడుతున్నారు.

“వెనకాల పక్కకి జరిగేది పాదాలకి తెలిసేదయ్యా. ఇప్పుడది అటు పోతోంది.”

ఆ మాటతో నా కోపం దిగి సిగ్గు పట్టుకుంది. ఒక్కణ్ణే నడుపుకోవాలని ఆయన ముందే చెప్పారు. సరంగు కథా చెప్పారు. నేను స్టార్టర్ రాసుకున్నాను.

రిపోర్టులో తన కళ్ల సంగతి రాస్తావా అని అడిగారు. నా రిపోర్టు ఇంజన్ గురించే, యజమాని గురించి కాదు. కానీ గడి లేదు కదా అని ఊరుకుంటే రేపు ఎవరికైనా ఏమన్నా అయితే సంతకం నాది. ఆయనే మళ్లీ అన్నారు.

“సర్జరీ నేనే మూసేశాను, ఎవరూ చెప్పకముందే. ఇదీ మూస్తాను. ఎప్పుడన్నది మాత్రం నన్నే చెప్పనీ.”

నాకు తోచిన షరతులు పెట్టాను. పాయలోనే తిరగాలి, చివరి కర్ర దాటి, పాయ కలిసే నదిలోకి పోకూడదు. శని ఆదివారాలు, పడవలు ఎక్కువగా తిరిగే రోజులు, బయటకు తీయకూడదు. ఒప్పుకున్నారు. నా వంతుగా నేను రాసినది ఒకటే: ఈ గేర్‌బాక్స్ ఈ పడవకు తగదు, మార్చేవరకు నడపరాదు. అది నా తప్పని రిపోర్టులోనే రాశాను. నేను చేసింది పూర్తిగా సరైనదని ఇప్పటికీ అనుకోను. ఇంకోలా చేసి ఉండేవాణ్ణనీ అనుకోను.

దిశ మార్చడానికి మధ్యలో ఒక పళ్లచక్రం ఎక్కువున్న గేర్‌బాక్స్ దొరికింది. అది ముందుదానికంటే అయిదంగుళాలు ఎక్కువ పొడవు. ఇంజన్‌ను ముందుకు జరపాలి, దూలాలు మళ్లీ కోయాలి, లోపలికి దిగే మెట్టు మార్చాలి. ఫ్రెడ్ దూలం కోస్తున్నంతసేపూ ఈల వేశాడు. అక్టోబరు మొదటి వారంలో, పడవలన్నీ ఒడ్డెక్కించే వేళకు పని పూర్తయింది. ఎడమ ప్రొపెల్లరుతో డాక్టరుగారు ఒక్కరే వెళ్లి వచ్చారు. నేను జెట్టీ మీద నిలబడ్డాను. వెనుక కొస నెమ్మదిగా మా వైపు ఒదిగి వచ్చింది. దిండు తగిలిన చప్పుడుకు ఆయన ముఖం విచ్చుకుంది. మునివేళ్లతో తాడు వెతుక్కుని నాకు అందించారు.

ఆపైన రెండు వేసవులు తిరిగారు. 1970 సెప్టెంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం, ఎప్పటిలాగే చక్కగా తెచ్చి కట్టి, ఇంజన్ ఆపి, నా గదికి వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టారు.

“ఇవాళ చివరి కర్ర దగ్గర నా పక్కనించి ఓ పడవ పోయింది. పోయాక గానీ తెలీలేదు. ఇంక చాలయ్యా.”

టీ తాగి వెళ్లిపోయారు. ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నారు. నేను మాత్రం ఆ పూట ఏ పనీ చేయలేకపోయాను.

అటు తరువాత ఇరవై రెండేళ్లుగా పడవలకు ఇంజన్లు ఎంచి పెడుతున్నాను. పాతది ఇంకా నడుస్తూ ఉంటే, టేపు తీయకముందే యజమానిని ఒకసారి వెళ్లి వచ్చి జెట్టీకి కట్టమంటాను. నడవకపోతే ఎలా కడతారో నోటితో చెప్పమంటాను. అది పూర్తయ్యేదాకా ఇంజన్ మూత తెరవను. అంతసేపూ ఆ యజమాని పాదాల వైపు చూస్తాను.