పగటిపూట ఊళ్లో ఉండే మనిషి

ఊరి పేరు రాయను. రాస్తే వాళ్లకు గౌరవం ఇచ్చినట్టవుతుంది. జర్మనీలో ఫ్రైబర్గ్ నుంచి బస్సులో అరగంట. ఆ బస్సు కూడా స్కూలు పిల్లల కోసం నడిచేదే, సెలవులొస్తే అదీ ఉండదు. ఒక చర్చి, మూతపడ్డ ఒక హోటలు, మంగళవారం మంగళవారం గంట కొట్టుకుంటూ వచ్చే రొట్టెల బండి, అంతే ఊరు. నా మొగుడు శశికాంత్ ఈ ఊరివాళ్ల చేత మావాడు అనిపించుకోవాలనుకున్నాడు. జరిగిందంతా ఆ ఒక్క కోరిక వల్లే జరిగింది.

శశిది హుజూరాబాద్. ఫ్రైబర్గ్‌లో లోహాల చదువు చదివి అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఎక్కువ రోజులు ఇంటి నుంచే పని. నా కంపెనీ మ్యూనిక్‌లో ఉంది, నేనూ ఇంటి నుంచే చేస్తాను. మాకు ఒక్కతే కూతురు, పూజిత. మ్యూనిక్ వెళ్దామని నేను అన్నప్పుడల్లా అతను మీటె, అంటే ఇంటి అద్దె సంగతి ఎత్తేవాడు.

"ఆడ కట్టే మీటెకు ఈడ ఇల్లే వస్తది. తోట ఉంది, మంచి గాలి ఉంది. పూజి మంచిగ పెరుగుతది."

"గాలి తిని బతుకుతమా? మాట్లాడనీకె మనిషి లేడు ఈడ!"

"మాట్లాడుతరే. జర టైమ్ పడ్తది."

ఈ ఊళ్లో మమ్మల్ని ఎవరైనా పలకరించారంటే మా తప్పు చెప్పడానికే. మధ్యాహ్నం విశ్రాంతి వేళ ఖాళీ సీసాలు వీధి డబ్బాలో వేశానని ఎదురింటావిడ ఫ్రావ్ క్రౌజె కిటికీ తెరిచి మరీ చెప్పింది. ఆదివారం గడ్డి కోసే మిషన్ నడపకూడదట. మంచు పడితే తెల్లారకముందే ఇంటి ముందు ఊడ్చాలట. నాకు ఒళ్లు మండిపోయేది. శశికి మాత్రం సంబరం.

"చూసినవా, ఈళ్లకు రూలే దేవుడు. మనకాడ కులం జూస్తరు, ఎవరి మనిషని జూస్తరు. ఈడ గవేం లెవ్వు. రూలు తప్పకుంటే చాలు, తమల్ల కలుపుకుంటరు" అనేవాడు. అంత చదువుకున్నవాడు అంత అమాయకంగా ఎలా ఉంటాడో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక సాయంత్రం ఉవె మా గుమ్మంలోకి వచ్చాడు. ఊరి ఫోయర్‌వేర్‌కి అతనే పెద్ద. ఫోయర్‌వేర్ అంటే జీతాలిచ్చే ఫైర్ స్టేషన్ కాదు. ఊరివాళ్లే శిక్షణ తీసుకుని, పేజర్ మోగితే పని వదిలి పరిగెత్తుకొచ్చి మంటలార్పుతారు. తాత ముత్తాతల నుంచి అదే కుటుంబాల మగవాళ్లు అందులో ఉంటారు. ఇప్పుడు వాళ్లంతా పొద్దున్నే కెమ్నిట్స్ ఫ్యాక్టరీలకు పోతున్నారు. పగలు ఇల్లంటుకుంటే దిక్కులేదు.

"నువ్వు పగలంతా ఇంట్లోనే ఉంటావట కదా?" అన్నాడు ఉవె.

శశి మొహం వెలిగిపోయింది. నేను కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి చేరిపోయాడు కూడా.

ఆ తర్వాత ఏడాది నా మొగుణ్ని అంత ఆనందంగా నేనెప్పుడూ చూడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. శుక్రవారం శుక్రవారం ట్రైనింగ్. వీపుకు గాలి సిలిండరు, మొహానికి మాస్కు కట్టుకుని పొగలోకి వెళ్లే కోర్సు కూడా పాసయ్యాడు. ఊరి పండగలో పొయ్యి ముందు నిలబడి సాసేజీలు కాల్చాడు, తను ముక్క ముట్టడు అయినా సరే. "శశీ, నాకు రెండు!" అని జనం పిలుస్తుంటే చెమటలు కక్కుతూ నవ్వాడు. ఉవె అతనికి అన్నీ ఓపిగ్గా నేర్పాడు. ఒక్క రూలు మాత్రం ప్రతి వారం చెప్పించుకునేవాడు. పొగలోకి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. ఇద్దరు కలిసే వెళ్లాలి, లేకపోతే బయటే ఆగాలి. శశి ఇంట్లో కూడా పాఠం అప్పజెప్పినట్టు అదే చెప్పేవాడు.

నవంబరులో ఒక పగలు ఉవె వాళ్లమ్మ ఇంట్లో మంట లేచింది.

ఆమె పేరు హిల్డెగార్డ్. వెనక గదిలో మంచం మీదే ఉండే మనిషి. పేజర్ మోగగానే శశి పరిగెత్తాడు. స్టేషన్‌కి వచ్చిన రెండో మనిషి గెర్డ్ ఒక్కడే. గెర్డ్ రిటైరైన ముసలాయన. బండి నడపగలడు, పంపు తిప్పగలడు, మాస్కు కట్టుకోవడానికి వయసు దాటిపోయింది. మిగతావాళ్లంతా ఫ్యాక్టరీల్లో ఉన్నారు. పక్క టౌను బండి రావడానికి టైం పడుతుందని రేడియోలో చెప్పారు. అంతవరకు బయటి నుంచే నీళ్లు కొట్టమన్నారు.

నేను వెళ్లేసరికి శశి మాస్కు కట్టుకుని గుమ్మం ముందు గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. తలుపులోంచి నల్లటి పొగ వస్తోంది. లోపలి నుంచి ముసలామె పిలుస్తోంది. సాయం అనో, కాపాడండి అనో కాదు. "ఉవె! ఉవె!" అని కొడుకుని పిలుస్తోంది. "వస్తున్నారు, వస్తున్నారు!" అని శశి మాస్కులోంచి అరుస్తున్నాడు. అది ఆమెకు వినిపించిందో లేదో. రోడ్డు మీద జనం చేతులు కట్టుకుని శశినే చూస్తున్నారు. ఒక అడుగు ముందుకు వేశాడు, ఆగాడు. మళ్లీ వేశాడు, ఆగాడు. పక్క టౌను బండి వచ్చేలోపే ఆమె పిలవడం మానేసింది.

విచారణ జరిగింది. శశి చేసింది అక్షరాలా సరైన పని అని పైఅధికారి వచ్చి అందరి ముందూ చెప్పాడు. ఉవె కూడా తలూపాడు. "నేను నేర్పిందే చేశావు" అన్నాడు. శశి గుండెల మీద బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు ఉవె అతని కళ్లలోకి చూసి, "ఇక్కడ పుట్టినవాడైతే వెళ్లేవాడు" అన్నాడు.

చీ! ఏడాది పాటు రూలు రూలని మనిషి నెత్తిన కొట్టి, చివరికి ఈ మాటా? తల్లి పోయిన బాధలో అన్నాడని శశే వెనకేసుకొచ్చాడు.

ఇక ఊరు మూసుకుపోయింది. తిట్టలేదు, కొట్టలేదు. ఏమీ అనలేదు, అదే వాళ్ల పద్ధతి. శుక్రవారం ట్రైనింగ్ అయ్యాక బల్ల దగ్గర శశి కూర్చుంటే ఆ పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. అయినా పేజర్ వెనక్కి తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటారు? పగలు ఊళ్లో ఇంకెవడున్నాడు!

పూజిత మూడో తరగతి. ఒకరోజు స్కూలు నుంచి వచ్చి బూట్లు విప్పుతూ జర్మన్‌లోనే అడిగింది.

"నాన్నా, హిల్డె బామ్మ చచ్చిపోతుంటే నువ్వు నిలబడి చూశావా?"

శశి దానికి రూలు చెప్పబోయాడు. రెండు మాటలయ్యాక ఆపి, దాని బూట్లు తీసి పక్కన పెట్టాడు. ఆ రోజు అతను అన్నం తినలేదు. నేను బతిమాలాను, తిట్టాను, మ్యూనిక్ పోదామని ఏడ్చాను.

"ఇట్ల పోతే పారిపోయినట్టైతది. ఒక్క చాన్స్ రానీ, ప్రవీణా" అన్నాడు.

ఆ చాన్స్ ఏప్రిల్‌లో వచ్చింది. చర్చి వెనక గిజెలా అనే ముసలామె ఒంటరిగా ఉంటుంది. ఆమె ఇంటి పైకప్పులోంచి పొగ. మళ్లీ పగలే. మళ్లీ శశి, గెర్డ్, ఇద్దరే. రోడ్డు మీద మళ్లీ ఆ జనమే. శశి గొట్టం విప్పుతుంటే ఫ్రావ్ క్రౌజె గట్టిగా అరిచింది.

"ఈసారి కూడా నిలబడి చూస్తావా?"

శశి గొట్టం కింద పడేశాడు. నేను "వద్దు శశీ!" అని గొంతు చించుకున్నాను. గెర్డ్ ఏమీ అనలేదు. ఒంటరిగా పోకూడదన్న రూలు ఆయనకూ తెలుసు. శశి వీపుకు సిలిండరు పట్టీలు బిగించింది ఆయనే. అలా కట్టి లోపలికి పంపించాడు.

శశి అంతా వెతికాడట. పడగ్గది, స్నానాల గది, మంచం కింద. ఆమెను పేరు పెట్టి పిలిచాడట. సిలిండరులో గాలి అయిపోవస్తే ఈల మోగుతుంది. ఆ ఈల రోడ్డు మీదికి వినిపించింది. బయటికి రమ్మని నేను అరుస్తూనే ఉన్నాను. ఈల ఆగిపోయింది కానీ నా మొగుడు రాలేదు. పక్క టౌనువాళ్లు వచ్చి పైమెట్ల దగ్గర పడి ఉన్నవాణ్ని కాళ్లు పట్టి లాక్కొచ్చారు. మాస్కు ఊడి ఉంది.

ప్రాణం దక్కింది. ఊపిరితిత్తులు మాత్రం మునుపటిలా కావని డాక్టరు చెప్పింది. ఇప్పుడు శశి మేడ మెట్లెక్కాలంటే మధ్యలో కూర్చోవాలి. మూడో రోజు కళ్లు తెరిచాక అడిగిన మొదటి మాట, "గిజెలా ఎట్లుంది?" బట్టల కోసం ఇంటికి వెళ్లినప్పుడు ఆమెను ఊళ్లో నా కళ్లతో చూశాను కాబట్టి బాగానే ఉందని చెప్పాను. పక్క టౌనువాళ్లు తీసుకొచ్చి ఉంటారని అతను అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను.

ఉవె ఆసుపత్రికి వచ్చాడు. వాళ్లమ్మ పోయాక మొదటిసారి శశి చేయి పట్టుకున్నాడు. నా మొగుడు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంటికొచ్చాక చూడాలి, రొట్టెల బండి దగ్గర జనం పక్కకు జరిగి అతన్ని ముందుకు పంపిస్తున్నారు. పేరు పెట్టి పలకరిస్తున్నారు. ఆ నాలుగడుగులకే ఆయాసపడుతూ ఇంట్లోకొచ్చి, "చూసినవా... ముందుకు... పంపిన్రు" అని నవ్వుతాడు. 

పోయిన వారం ఫ్రావ్ క్రౌజె ప్లమ్ పళ్ల కేకు పట్టుకొచ్చింది. శశి లోపల నిద్రపోతున్నాడు. వంటింట్లో నాతో కూర్చుని, కాఫీ తాగి, నిట్టూర్చింది.

"మంచివాడు మీ ఆయన. కానీ ఆ ఖాళీ ఇంట్లోకి ఎందుకు వెళ్లాడో! గిజెలా ఈస్టర్‌కని మాగ్డెబర్గ్‌లో కూతురి దగ్గరికి వెళ్లింది కదా. అందరికీ తెలుసు."

"మీరే కదా అరిచారు!" అన్నాను.

"లోపల ఉందని నేను అనలేదే" అంది. నిజమే, అనలేదు.

"గెర్డ్‌కి తెలుసా?"

"గెర్డే కదా ఆమెను రైల్వే స్టేషన్లో దింపింది" అంది. ఆ తర్వాత కేకు పళ్లెం ఎప్పుడు తిరిగిస్తానో అడిగి వెళ్లిపోయింది.

శశికి చెప్పకూడదనుకున్నాను. నాలుగు రోజులు నోరు కట్టుకున్నాను. నిన్న మళ్లీ మ్యూనిక్ మాట ఎత్తాను. ఆసుపత్రులు దగ్గర, మెట్లు లేని ఇల్లు చూసుకుందాం అన్నాను. అతను అలా చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడా? ఇప్పుడే కదనే... మనల్ని కలుపుకున్నరు."

ఇక నా వల్ల కాలేదు. "ఆ ఇంట్ల ఎవ్వరు లేరు శశీ! ఆమె బిడ్డ దగ్గరికి పోయింది. రోడ్డు మీద ఉన్న ప్రతి ఒక్కరికి తెలుసు. గెర్డ్‌కు తెలుసు. తెలిసే నీ వీపుకు సిలిండర్ కట్టిండు!" అని అరిచాను.

శశి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఊపిరి కూడదీసుకుంటున్నాడేమో అనుకున్నాను. కోప్పడతాడని, ఏడుస్తాడని ఎదురుచూశాను. చిన్నపిల్లాడిలా నా మొహంలోకి చూశాడు.

"అందరికి తెలుసా?" అన్నాడు. "మరి నాకెవ్వరు చెప్పలేదేందే?"