ఖాళీగా రాని గిన్నెలు

నా చిన్నప్పుడు పెంటపాడు దగ్గర మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఇరుగుపొరుగు కూర పంపిన గిన్నెని ఎవరూ ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి ఇవ్వాలి. ఆ పద్ధతిని పట్టుకునే మా నాన్నమ్మ మా బాబాయిని నిలబెట్టుకుంది.

బాబాయి చెడు సావాసాలు పట్టి, వీధి చివర ఉండే, నాకు వరసకి పెదనాన్నయ్యే ఆయన చేలో నీళ్ళ మోటారు ఎత్తుకెళ్ళి అమ్మేశాడు. జైలుకి వెళ్ళాడు. అక్కడున్నన్నాళ్ళూ నాన్నమ్మ గూడెం స్టేషన్లో రైలెక్కి వెళ్ళి చూసొచ్చేది. వాణ్ణి నాలుగు తిట్టి రావడానికే వెళ్తున్నానని ఊరంతా చెప్పేది గానీ, సంచిలో సున్నుండలు ఉండేవని నాకు తెలుసు.

విడుదలై వచ్చాక బాబాయి గది దాటి బయటికి రాలేదు. ఊరివాళ్ళకి మొహం చూపించలేకపోయాడు. ఏలూరు నుంచి పాత స్నేహితులు మాత్రం వచ్చెయ్యమని కబురు మీద కబురు పంపుతున్నారు. బాబాయి బట్టలు సర్దుకుంటున్నాడని నేనే వెళ్ళి నాన్నమ్మకి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ కొల్లేటి మట్టగిడస చేపలు తెప్పించి, పెద్ద దాకలో పులుసు పెట్టి, ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటిలో పోసి నా చేత వీధంతా పంపించింది.

మర్నాడు పొద్దున్నే, "ఒరేయ్, వండుకోడానికి గిన్నె లేదు. అవి తెచ్చిపెట్టి, తర్వాత నీ ఇష్టమొచ్చిన చోటికి పో" అంది. బాబాయి కాసేపు గింజుకున్నాడు. తల్లిని పస్తు పెట్టలేక, నన్ను తోడు తీసుకుని బయల్దేరాడు.

మొదటి గుమ్మంలో నన్ను ముందుకి తోశాడు. చివరికి "గిన్నె కోసం వచ్చానండీ" అన్నాడు. ఆ ఇంటావిడ ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి రెండు దోసకాయలు వేసి తెచ్చింది. పక్కింట్లో గోంగూర, ఆ తర్వాత చింతపండు. కోపం ఉన్నవాళ్ళకి కూడా ఖాళీ గిన్నె ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

పెదనాన్న ఇంటికొచ్చేసరికి బాబాయి నడక నెమ్మదించింది. నాకూ భయమేసింది. పెదనాన్న గిన్నె నిండా ఆవకాయ పెట్టించి, వెంటనే ఇవ్వకుండా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"రేపు నారుమడిలో ఆకుతీతకి మనుషులు చాల్లేదురా. వస్తావా?" అన్నాడు.

"వస్తాను అన్నయ్యా" అని బాబాయి ఆ గుమ్మంలోనే ఏడ్చేశాడు.

ఏలూరు ప్రయాణం ఆగిపోయింది. ఇవాళ్టికీ పెదనాన్న చేనికి నీళ్ళు పెట్టేది మా బాబాయే.

ఇప్పుడు నేనుండే వీధిలో ఎవరైనా తలొంచుకుని ఇంటికి తిరిగొచ్చారని తెలిస్తే, మంచీ చెడ్డా చెప్పడం నాకు చేతకాదు. కూర వండి పంపుతాను. గిన్నె కోసం ఎవర్నీ పంపను. ఆ మనిషే గిన్నెలో ఏదో ఒకటి వేసి పట్టుకుని మా గుమ్మం ఎక్కేదాకా ఎదురుచూస్తాను.