ఇంచుమించు మంచివాడు

అరవై ఏళ్ల పడుచు వయసులో నేను మా మేనల్లుడి బతుకును ఒక్క కాగితంతో ముంచబోయాను. చెబుతాను, మీరు నవ్వుకోండి. ఆ రోజు మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

ముందు నా ఇంగ్లీషు సంగతి. నేను ఇంగ్లీషు మాట్లాడితే కోటబొమ్మాళి స్టేషన్లో రైలు ఆగి వినేది. సరే, ఆ రైలు అక్కడ ఎలాగూ ఆగేదే. ఊళ్లో అర్జీలన్నీ నేనే రాసేవాణ్ణి. అన్నీ అంటే ఆరు.

మా అక్క కొడుకు సూరిబాబు సన్నాయి వాయిస్తాడు. రాజాం దగ్గర ఒక బడిలో సంగీతం మాస్టారి ఉద్యోగం ఖాళీ అయింది. ప్రిన్సిపాల్‌ది వేరే రాష్ట్రం, తెలుగు రాదు. అందుకని ఎవరైనా పెద్దమనిషి చేత ఇంగ్లీషులో సిఫారసు ఉత్తరం రాయించి తెమ్మన్నారు. ఇది తప్పితే వాడు సన్నాయిని అటకెక్కించి రైసుమిల్లులో బస్తాలు కుట్టుకోవాలి.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. సొంత పిల్లల్ని నోరారా పొగడకూడదు, దిష్టి తగులుతుంది. వాడి సన్నాయిని ఎవరు మెచ్చుకున్నా మా అక్క, "ఏదో ఊదుతాడు లెండి" అనేది. ఆ మర్యాద ఇంగ్లీషులోనూ ఉండాలనుకున్నాను. పైగా మోర్ ఆర్ లెస్, సార్ట్ ఆఫ్, సమ్‌థింగ్ లైక్ అనే మాటలు అప్పుడే కొత్తగా చేతికి చిక్కాయి. పులిహోరలో వేరుశనగ గుళ్లలా పిడికెళ్లతో చల్లాను.

ఆ ఉత్తరం పట్టుకుని పొద్దున్నే బడికి వెళ్లిన సూరిబాబు మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. ఈ ఉత్తరం రాసినాయనకీ నీకూ ఏమైనా తగాదాలున్నాయా అని ప్రిన్సిపాల్ అడిగాడట. వాడికి అర్థం కాకపోతే తెలుగు మాస్టారిని పిలిచి తెలుగులో చదివించాడట. గుమ్మంలోనే నిలబడి వాడు మొత్తం అప్పజెప్పాడు.

"ఇతను ఒకరకం కళాకారుడు. వాయించేది సంగీతం లాంటిది. నడవడిక ఇంచుమించు మంచిది. చూడ్డానికి మనిషిని పోలి ఉంటాడు."

అక్క నా చేతిలోని టీ గ్లాసు లాక్కుంది. "ఇంచుమించు మంచోడేటిరా? మిగిల్న ఆ కాస్తలో నా కొడుకు ఏటి సేసీసినాడు?"

"దిష్టి తగలకుండా రాసేనక్కా."

"దిష్టి కాదురా, ఆడికి నువ్వే తగిలినావు."

నాలుగు రోజులు ఇంట్లో నాకు టీ లేదు. ఐదో రోజు బడి నుంచి ఉత్తరం వచ్చింది. అప్పుడు బయటపడింది అసలు విషయం. ఆ రోజు ఉత్తరం విని ఒళ్లు మండిన సూరిబాబు ఎవరూ అడక్కుండానే బడి వరండాలో సన్నాయి తీసి వాయించేశాడట. పిల్లలంతా తరగతుల్లోంచి బయటికొచ్చేశారట. వాడేమో మంచి చెడ్డ వినకుండా బస్సెక్కేశాడు. ఇక ఆ ప్రిన్సిపాల్ గడుసువాడు, జవాబు అచ్చంగా నా ఇంగ్లీషులోనే రాశాడు: "ఇతణ్ణి ఒకరకంగా ఉద్యోగంలోకి తీసుకున్నాం. ఇంచుమించు సోమవారం వచ్చి చేరవచ్చు."

"మావా, ఇంచుమించు సోమవారమంటే ఏ రోజు?" అన్నాడు సూరిబాబు.

నాకేం తెలుసు? అక్కే తేల్చేసింది. "ఆదివారం నుంచి గేటు కాడ నిలబడండి, ఇద్దరూనూ."

నిలబడ్డాం. సెలవురోజు మీకిక్కడ ఏం పని అన్నాడు కాపలావాడు.

"ఉద్యోగం లాంటిది" అన్నాను.

సోమవారం గేటు తెరిచాక, సూరిబాబు సన్నాయి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో అలాంటి మాటలు రాయను. ఇది ఇంచుమించు ఖాయం.