పరంగిమల మెట్ల మీద మా అత్త

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున మా అత్త పోయింది. మేడ మీద అప్పడాలు ఎండబెట్టి కిందికి వచ్చి, వంటింటి గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. నీళ్ళడిగింది. సగం చెంబు తాగింది. అంతే. నేను బడికి బయలుదేరుతూ వీధి గుమ్మంలో ఉన్నాను. అమ్మ కేక విని చెప్పులతోనే వంటింట్లోకి పరుగెత్తాను. అత్త ప్రాణంతో ఉంటే ఆ చెప్పులకు నన్ను ఊరికే వదిలేది కాదు.

ఆమె మా నాన్నకు అక్క. భర్త పోయాక మా ఇంటికి వచ్చి, కొత్వాల్ చావడి వెనక సందులో మా మేడ మీది గదిలోనే ఇరవై ఏళ్ళు గడిపింది. తమ్ముడి ఇంట్లో ఉన్నా తమ్ముడి చెయ్యి చూడకూడదని అప్పడాలు ఒత్తి పురసవాక్కం, టి. నగర్ అంగళ్ళకు వేసేది. చెన్నపట్నం ఎంత చదునైన ఊరో మీకు తెలుసు. ఇక్కడే పుట్టి ఇక్కడే పోయిన ఆ మనిషిని తలుచుకుంటే నాకు గుర్తుకొచ్చేవి మాత్రం కొండలు. బదరీ యాత్రకు లెక్క వెయ్యాలంటే మా వీధిలో ఆమె తర్వాతే ఎవరైనా.

ఆ లెక్క వేసే తీరు చూసి కొత్తవాళ్ళు నవ్వేవాళ్ళు. పాత క్యాలెండరు కాగితం తిరగేసి, అట్టడుగున మొదటి పద్దు రాసేది: సెంట్రల్ స్టేషను నుంచి ఇంటికి జట్కా బాడుగ. దానికి పైన హరిద్వారం నుంచి మద్రాసుకు రైలు. దానికి పైన కొండ దిగి వచ్చే బస్సు. ఆ పైన, దిగేటప్పుడు రాత్రుళ్ళు తలదాచుకునే పూరిపాకలకు, మూటలు మోసే కూలీలకు. అలా కిందినుంచి పైకి రాసుకుంటూ పోయి కాగితం తలమీద గుడి చేరేది. పోయేటప్పటి ఖర్చు ఆ తర్వాతే, ఇంకో కాగితం మీద. దిగే డబ్బంతా వేరే గుడ్డసంచిలో పోసి మూతి కుట్టేసేది. దర్శనం చేసుకుని వెనక్కి తిరిగాకనే ఆ కుట్టు విప్పాలి.

"ఎక్కేదానికి ఎవురైనా ఇస్తారమ్మే, పుణ్యమొస్తాది గదా. దిగేదానికి ఎవురూ ఇయ్యరు" అనేది.

నేను హిందీ పరీక్షలు ప్యాసై ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతున్నాను. అందుకని పండాకు కార్డులు రాసే పని నాది. పండా అంటే యాత్రికులను వెంటబెట్టుకుని, బస చూపించి, కూలీలను మాట్లాడి గుడిదాకా నడిపించే మనిషి. బేరమంతా కార్డుల మీదే జరిగేది. ఆయన కూలీ రేటు రాస్తే, వాన పడి నడక ఆగిపోయిన రోజు కూడా అంతేనా అని అడగమనేది. అడిగితే సగమేనని జవాబు వచ్చింది. ఆ కార్డు పట్టుకుని అత్త వారం రోజులు వీధిలో అందరికీ చూపించింది, హిందీ ఒక్క ముక్క రాకపోయినా.

ఆరేళ్ళ కిందట మా అన్న విషజ్వరంతో పోయాడు. పందొమ్మిదేళ్ళవాడు. బదరీలో బ్రహ్మకపాలం దగ్గర పిండం పెట్టిస్తే పోయినవాళ్ళకు ఇంక ఏ కొరతా ఉండదని ఎవరో అమ్మకు చెప్పారు. తనే పోయి పెట్టించాలని అమ్మ పట్టుబట్టింది. ఆ మరుసటి ఏడాదే అత్త మా వీధి ఆడవాళ్ళను ఏడుగురిని కూడగట్టి యాత్రకు లెక్క వేస్తోంది. అమ్మది ఎనిమిదో పేరు.

మీలో పరంగిమల మెట్లెక్కినవాళ్ళు ఉండే ఉంటారు. మన చదును ఊళ్ళో కొండ అనదగ్గది అదొక్కటే, పైన పాత చర్చి. ప్రతి ఆదివారం తెల్లవారుతూనే అత్త అందరినీ ఎలక్ట్రిక్ రైలెక్కించి అక్కడికి తీసుకుపోయేది. నెత్తిన బియ్యం మూట పెట్టుకుని మూడుసార్లు ఎక్కాలి, మూడుసార్లు దిగాలి. నీళ్ళ కూజాతో నేనూ వెంట పోయేదాన్ని. బొట్లు పెట్టుకుని మూటలతో ఇంతమంది చర్చి మెట్లెక్కుతుంటే, పైన కాపలా ఉండే ముసలాయన ఒకనాడు ఉండబట్టలేక, ఏం మొక్కుకున్నారమ్మా అని అడిగాడు.

"మొక్కు కాదు సామీ, పాఠం" అంది అత్త.

ఆ పాఠంలో నియమం ఒకటే. ఎక్కుతున్నంతసేపూ మాట్లాడుతూ ఉండాలి. కూరగాయల ధరలు, కోడలి మీద చాడీలు, ఏదైనా సరే. "మాట ఆగితే మనిషి ఆగల్ల. మళ్ళీ మాటొచ్చినాకనే ఇంకో మెట్టు" అనేది. మా వీధి ఆడవాళ్ళకు ఇది కష్టమైన నియమమేమీ కాదు. ఒక్క అమ్మకే కష్టమైంది. మొదటి ఆదివారం డెబ్బయ్యో మెట్టు దగ్గర అమ్మ మాట ఆగింది. కానీ మనిషి ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆయాసం ఎవరికీ వినబడకుండా ఎక్కుతూనే పోయింది. తర్వాతి మూడు ఆదివారాలూ అంతే. డాక్టరు గుండె బలహీనంగా ఉందన్నాడు. అయిదో ఆదివారం అత్త కాగితం తీసి అమ్మ పేరు కొట్టేసింది.

"ఈ ఏడు నువ్వు వద్దు అమ్మణ్ణీ" అంది.

"నా బిడ్డ పని వదినా. పాకతానైనా ఎక్కుతా."

"ఎక్కుతావు. అది నాకు తెలుసు. దిగేది ఎట్ట?"

అమ్మ ఆ రోజునుంచి అత్తతో మాట్లాడనే లేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, అయిదేళ్ళు. అత్త పక్కనే నిలబడి ఉన్నా నన్ను పిలిచి, "మీ అత్తకు చెప్పు, పాలు పొంగతా ఉండాయని" అనేది. నేను చెప్పేలోగా పాలు పొంగిపోయేవి. అత్త మాత్రం అన్నీ నేరుగానే మాట్లాడేది. జవాబు వచ్చినట్టే ఊకొట్టుకుని తన పని చూసుకునేది.

ఆ ఏడు మిగిలిన ఏడుగురినీ కొండెక్కించి, ఏడుగురినీ దించి తీసుకొచ్చింది. బ్రహ్మకపాలం దగ్గర అన్న పేర పిండం పెట్టించి, ప్రసాదం పొట్లం తెచ్చి అమ్మ ముందు పెట్టింది. అమ్మ దాన్ని కళ్ళకద్దుకుని లోపలికి పోయి తలుపేసుకుంది. అత్త తలుపు బయట చాలాసేపు నిలబడి, మేడెక్కి వెళ్ళిపోయింది. ఇంత చేసిన మనిషితో ఒక్క మాట మాట్లాడవా అని అమ్మ మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. కొడుకు పోయిన తల్లిని ఏమనగలను?

ఆ వారమే అత్త ఇంకో కాగితం తిరగేసింది. ఈసారి లెక్క ఇద్దరికే: అమ్మ, తను. అమ్మ ఒక్క అడుగు కూడా నడవకుండా నలుగురు మోసే డోలీలో పోయి రావాలి. అప్పడాల డబ్బుతో డోలీ అంటే మాటలు కాదు. అయిదేళ్ళు కూడబెట్టింది. కొత్త పైసలు వచ్చినప్పుడు అణాల్లో రాసిందంతా కొట్టేసి మళ్ళీ మొదటినుంచీ రాసుకుంది. ఇప్పుడు బస్సులు ఇంకాస్త పైదాకా పోతున్నాయని పండా రాసిన రోజున, డోలీ నాలుగు రోజులు తగ్గుతుందని మేడ మీదనుంచి పరుగున దిగివచ్చింది. ఆ నాలుగు రోజుల డబ్బు చేతికొచ్చినంత సంబరం.

డోలీ రేటు మనిషి బరువును బట్టి ఉంటుంది. మొన్న మార్గశిరంలో ఒక ఆదివారం, మా నాన్న లెక్కలు రాసే మిరపకాయల మండీ మూసి ఉన్నప్పుడు, అమ్మను తూచడానికి తీసుకుపోయాం. దూలానికి వేలాడే పెద్ద తక్కెడ, గాలినిండా కారం. అమ్మ ఆ పళ్ళెంలో కూర్చోనని మొండికేసింది.

"మీ అత్తకు చెప్పు, నేనేమన్నా మిరక్కాయల బస్తానా అని."

"బస్తా అయ్యుంటే ఎప్పుడో తూచి పక్కన పెట్టుందును, ఇంతసేపు ఈడ నిలబడుకోను" అంది అత్త.

చివరికి కూర్చుంది. కూర్చోగానే తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్మినప్పుడల్లా తక్కెడ ఊగి, వేసిన రాళ్ళన్నీ వృథా. అత్త కడుపు పట్టుకుని నవ్వింది. అమ్మ పెదవి కూడా ఒకసారి కదిలింది, కానీ వెంటనే మొహం తిప్పుకుంది. అయిదేళ్ళలో వాళ్ళిద్దరూ అంత దగ్గరికి వచ్చింది ఆ ఒక్కసారే.

ఆ సాయంత్రం మేడ మీద కార్డు రాయడానికి కూర్చున్నాను. "మణుగుల్లో రాయబాక. వాళ్ళ మణుగు వేరే, మన మణుగు వేరే. పౌన్లలో రాయి" అంది. రాశాను. "డోలీ పక్కన దోవంతా మాట్లాడతా నడిచే మనిషి ఒకరు వస్తారని గూడా రాయి."

"ఎవరత్తా?"

"నేనే."

"అమ్మ నీతో మాట్లాడదు గదా."

"నేను మాట్లాడతాలే. అది తుమ్మినా చాలు నాకు."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక అత్త, నేను అడక్కుండానే చెప్పింది. మామ బదరీ యాత్రలో పోయాడని మాకందరికీ తెలుసు. ఎలా పోయాడో అంతవరకు ఎవరికీ చెప్పలేదు.

"పైన ఉండిందంతా దానాలిచ్చేసినాం. దిగేటప్పుడు మీ మామకు జరమొచ్చింది. డోలీకి డబ్బుల్లేవు. నడిచినాడు. మొదటి రోజు మాట్లాడతానే ఉన్నాడు. రెండో రోజు మధ్యాన్నం మాట ఆగింది. నేను ముందర పోతా ఉండా. అలిసిపొయ్యుండాడు, మాట్లాడిచ్చి ఇంకా అలిపిచ్చేది ఎందుకని సుమ్మా ఉండిపోతి. తిరిగి చూస్తే వెనకాల లేడు. మలుపు కాడ రాతికి ఆనుకోని కూర్చోనుండాడు."

అమ్మకు ఈ సంగతి చెబుతానన్నాను. వద్దంది. "చెప్తే జాలిపడి మాట్లాడతాది. జాలితో మాట్లాడేది నాకొద్దు. కొండ మీద దానంతట అదే మాట్లాడతాది, చూడు." ఒట్టు వేయించుకుంది. నేను నోరు మూసుకున్నాను. ఆ ఒట్టు నిలబెట్టుకున్నందుకు ఇప్పుడు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

అత్త పోయిన శుక్రవారం నేను వంటింట్లోకి వెళ్ళేసరికి అమ్మ అత్త రెండు భుజాలూ పట్టుకుని ఊపుతూ, "వదినా, వదినా" అంటోంది. అయిదేళ్ళ తర్వాత ఆ పిలుపు. వినవలసిన మనిషి వినలేదు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక అమ్మ నాతో అంది:

"నీళ్ళియ్యి అమ్మణ్ణీ అనింది. చెంబు తెచ్చి ముందర పెట్టినా. ఏం వదినా, ఒళ్ళు బాగలేదా అని ఒక్క మాట అడిగుంటే... గోడకు ఆనుకుంటే, అలిసిపొయ్యుండాదనుకున్నా."

ఆ చివరి మాట నేను అంతకుముందు మేడ మీద అత్త నోట విన్నాను. అయినా ఆ రాత్రి అమ్మకు ఏమీ చెప్పలేకపోయాను.

పదకొండో రోజున పండా దగ్గరనుంచి కార్డు వచ్చింది. బరువు రాసుకున్నాడు, వైశాఖానికి డోలీ కుదిర్చాడు. చివర ఒక వాక్యం: పక్కన మాట్లాడుతూ నడిచే మనిషికి విడిగా ఏమీ ఇవ్వనక్కరలేదు. నేను చదివి అమ్మకు వినిపించాను.

"ఎవురు ఆ మాట్లాడే మనిషి?" అని అమ్మ అడిగింది.

అప్పుడు అంతా చెప్పాను. మామ సంగతి, మలుపు సంగతి, ఒట్టు సంగతి. అమ్మ ఏడవలేదు. కార్డు నా చేతిలోంచి తీసుకుని, తనకు రాని ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఆ మాట ఎక్కడుందో చూపించమంది. చూపించాను. అత్త పెట్టె తెరిచి దిగే డబ్బు సంచి తీశాం. మూతి అప్పుడే కుట్టేసి ఉంది.

ఆ ఆదివారం తెల్లవారుజామున అమ్మ నన్ను లేపి పరంగిమలకు రైలెన్నింటికి అని అడిగింది. డోలీ కుదిరింది గదా, నువ్వెందుకు ఎక్కడం అంటే, "ఎక్కేదానికి కాదు" అని మాత్రం అంది.

మెట్ల దగ్గర కూజా నా చేతికిచ్చి, రెండు మెట్లు కిందుగా రమ్మంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది, నాతో కాదు.

"వదినా, ఆ ఏడు నువ్వు పెట్టిన చింతకాయ పచ్చట్లో ఉప్పెక్కువ. చెప్పలా నీకు." ఒక మెట్టు. "నీ అప్పడాలు రెండు తీసి దొంగతనంగా కాల్చుకోని తిన్నా, నువ్వు టి. నగర్ పోయినప్పుడు." ఇంకో మెట్టు. "ప్రసాదం తెచ్చిస్తివే, ఆ రోజు నీ పాదాలు వాచుండె. చూసినా. అడగలా." మళ్ళీ ఇంకొకటి. ఇంటి సంగతులు, పాల సంగతులు, అన్న సంగతులు, అయిదేళ్ళుగా నా ద్వారా కూడా చెప్పి పంపనివన్నీ ఒక్కొక్కటే చెబుతూ ఎక్కింది. చర్చికి పోతున్నవాళ్ళు ఆగి చూసి తప్పుకున్నారు.

డెబ్బయ్యో మెట్టు దగ్గర మాట ఆగింది. ఈసారి మనిషి కూడా ఆగింది. మెట్టు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, అందరికీ వినబడేట్టే ఆయాసపడింది. నేను నీళ్ళు పోసి ఇచ్చాను. తాగి, చెమట తుడుచుకుని, ఎవరూ లేని పై మెట్ల వైపు చూసింది.

"ఆడనే ఉండు వదినా," అంది. "మాట్లాడతానే వస్తా ఉండా."