మాటలు తీసేసిన పాట

నా మేనకోడళ్ళిద్దరూ జంటగా పాడతారు. పేరు కూడా బాగానే వచ్చింది. వాళ్ళ పాటల్లో మాటలు లేకుండా వట్టి వాయిద్యాలతో సాగేది ఒక్కటే ఉంది. దాని లోతు గురించి జనం ఏవేవో చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అసలు సంగతి వాళ్ళ నాన్న, అంటే మా బావ, నడిపే సెలూన్‌లో జరిగింది.

బావకు నత్తి. నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే బండి ఆగిపోతుంది. కానీ కత్తెర చేతికొస్తే కూనిరాగం తీసేవాడు, అందులో మచ్చుకైనా తడబాటు ఉండేది కాదు. కుర్చీ ఎక్కగానే గుక్కపట్టే పసిపిల్లలు కూడా ఆ రాగానికి బుద్ధిగా మెడ వంచేవారు. మా అక్క ఆయన్ని ఏరికోరి చేసుకున్నదీ అది వినే.

ఇంట్లో పిల్లలు నాన్న నత్తిని అనుకరించి ఆటపట్టిస్తే, ఆయనా పడీ పడీ నవ్వేవాడు. ఆ చనువే కొంప ముంచింది. ఆయన రాగాన్ని పాటగా కడుతూ, పల్లవిలో ఆ తడబాటునే పెట్టేశారు. ముద్దుగా ఉంటుందనుకున్నారు. నాన్నకు ముందుగా చెప్పనైనా లేదు, ఆశ్చర్యపోవాలట!

అది రేడియోలో వచ్చినప్పుడు నేను గడ్డం గీయించుకుంటున్నాను. బావ తన రాగాన్ని గుర్తుపట్టి సౌండు పెంచాడు. ముఖం వెలిగిపోయింది. అంతలో పల్లవి వచ్చింది. బెంచీ మీదున్న దర్జీ పకాలున నవ్వి, "అ... అ... అచ్చం నువ్వే!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. బావా నవ్వబోయాడు గానీ, చెయ్యి చాచి సౌండు తగ్గించేశాడు. అద్దంలో ఆయన్ని చూడలేక కళ్ళు మూసుకున్నాను.

ఆ రోజుతో కూనిరాగం ఆగిపోయింది.

అక్క చెబితే పిల్లలిద్దరూ సిగ్గుతో చచ్చిపోయారు. తండ్రికి ఎదురుపడే ముఖం లేక, మాటలన్నీ పీకేసి, రాగం ఒక్కటే మళ్ళీ వాయించి విడుదల చేశారు. నన్ను వెంటబెట్టుకుని సెలూన్‌కి వచ్చి, తలలు దించుకుని వినిపించారు.

"మా... మాటలేవి?" అన్నాడు బావ.

"తీసేశాం నాన్నా," అంది పెద్దది.

"నా... నావా?"

"కాదు, మావి," అంటూ చిన్నది భోరుమంది.

బావ దాని తల నిమిరి, కళ్ళు తుడిచాడు. కోపమన్న మాటే లేదు. నాలుగు తిట్టినా ఆ పిల్లలకు కాస్త తేలికయ్యేది.

ఇప్పుడు సెలూన్‌లో ఎప్పుడూ ఆ పాటే. మా పిల్లలదే అన్నట్టు బావ పాట మోగే డబ్బా వైపు గర్వంగా వేలు చూపిస్తాడు. పిల్లలు మాత్రం ఎంతమంది అడిగినా దాన్ని వేదిక మీద వాయించరు.

మొన్న ఉండబట్టలేక, "ఆ డబ్బా కట్టేసి నువ్వు పాడు బావా," అన్నాను.

"వా... వాళ్ళు బా... బాగా వాయించారుగా," అన్నాడు, దువ్వెన దులుపుకుంటూ.