ఒక్క కాలు చాలు

ఈ మధ్యాహ్నం అమెరికాలో, ట్రాయ్‌లో మా ఇంట్లో టీవీలో కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ చూస్తున్నాం. అవతలి టీమ్ ఆటగాడు గీత పక్కనే బంతి పట్టాడు. ముందు ఒక కాలు లోపల పడింది, రెండోది బయట పడింది. రెఫరీ టచ్‌డౌన్ అని ఆరు పాయింట్లు ఇచ్చేశాడు. నేనూ, మా మిత్రుడు రమేశూ సోఫాలోంచి లేచి రెఫరీని తిట్టిపోశాం.

"కాలేజీ ఆటలో ఒక్క కాలు చాలు అన్నయ్యా. రెండూ ఉండాలన్నది ప్రొఫెషనల్స్ రూల్," అంది మా ఆవిడ రమేశ్‌తో, పల్లీలు నములుతూ.

రీప్లే చూసి రెఫరీ కూడా టచ్‌డౌనే అన్నాడు.

"నీకెట్ల తెలుసు చెల్లెమ్మా?" అన్నాడు రమేశ్.

"జిల్లా తరఫున కబడ్డీ ఆడినదాన్ని. ఏ ఆటైనా ముందు గీత సంగతి తెలుసుకుంటా."

మా టీమ్ ఓడిపోయింది. అయినా సాయంత్రం నుంచీ నేను మా ఆవిణ్ణి చూసుకుని కాలర్ ఎగరేసుకునే తిరుగుతున్నాను. కాకపోతే ఇంట్లో ఆవిడ తీర్పు మీద రివ్యూ అడిగే ధైర్యం నాకింతవరకూ రాలేదు. మీలో ఎవరికైనా ఉందా?