సొంత అజాగ్రత్త

హన్నమ్మ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదే.

డెబ్భై మూడు ఎండాకాలం. వానల్లేక తిరువూరు చుట్టుపక్కల చేలన్నీ బీళ్ళయ్యాయి. కూలీలు పస్తులుండకూడదని ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. వినగడప వైపు వెళ్ళే ఒక రోడ్డుకి కంకర కొట్టడం అందులో ఒకటి. అక్కడ నలభై మందికి హాజరు వేసే టెంపరరీ గుమాస్తాని నేను. పేరు పరబ్రహ్మం. అప్పటికి ఇరవై రెండేళ్ళు.

హన్నమ్మకి భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. పని మొదలైన రోజునే ఓవర్సీరు సుందరరాజుని నా ముందే అడిగింది.

"రాళ్ళ క్వారీలో కళ్ళకి ఇనపజాలీలు ఇచ్చేవాళ్ళు సారూ. ఇక్కడివ్వరా?"

"వస్తాయిలే" అన్నాడతను.

నెల దాటినా రాలేదు. ఒక మంగళవారం పొద్దున రాతిపెచ్చు ఎగిరి ఆమె కుడికంట్లో దిగింది.

బెజవాడ తీసుకెళ్ళి వైద్యం చేయించింది వీరరాఘవయ్యగారు. ఊళ్ళో మోతుబరి, మంచి మనిషి. కుడికన్ను పోయింది గానీ, ఆయన లేకపోతే మనిషే దక్కేది కాదేమో. ఆపైన నెలనెలా ఇంటికి బియ్యం పంపాడు.

ఆ వారమే సుందరరాజు నన్ను కూర్చోబెట్టి రిపోర్టు చెప్పాడు. సొంత అజాగ్రత్త వల్ల దెబ్బ తగిలింది. గ్రామ పెద్దలు ఆదుకున్నారు. ప్రభుత్వ సాయం అవసరం లేదు. చెప్పింది చెప్పినట్టు రాశాను. దస్తూరి బాగుందని మెచ్చుకున్నాడు కూడా.

రెండు నెలల తర్వాత హన్నమ్మ వచ్చి తనకేమైనా వస్తుందా అని అడిగింది. నకలు తీసి చదివి వినిపించాను.

"అజాగ్రత్తంటే ఏంటి పంతులుగారూ?"

"చూసుకోకపోవడం."

"జాలీలడిగింది నేనే గదా. మీరు విన్నారు గదా."

నేను నకలు మడిచి ఫైల్లో పెట్టేశాను. ఆమె నేరుగా వీరరాఘవయ్యగారింటికి నడిచింది. ఉండబట్టలేక నేనూ వెనకే వెళ్ళాను. జాలీలివ్వకే తన కన్ను పోయిందని ఆఫీసుకొచ్చి నిజం చెప్పమని ఆయన్ని అడిగింది.

"నేనున్నాగా హన్నమ్మా. గవర్నమెంటుతో నీకు గొడవెందుకు?"

"మీరు చేసింది చచ్చేదాకా మర్చిపోను. కానీ నా కన్ను మీ చేలో పోలేదయ్యా, వాళ్ళ రోడ్డు మీద పోయింది. మీ బియ్యం చూపించి వాళ్ళు చేతులు దులుపుకుంటన్నారు. ఇంక పంపొద్దు."

ఆయన ముఖం ఎర్రబడింది. పొగరన్నాడు. ఊరూ అదే మాటంది. పిల్లల్ని మాడ్చడం తప్పు కాదా అని నేనే అడిగాను.

"తప్పే. అది కూడా నా మీదే రాసుకోండి" అంది.

మర్నాడు కంకర గుట్ట మీదెక్కి కూర్చుంది. జాలీలొచ్చేదాకా ఎవరూ సుత్తి పట్టొద్దంది. పని ఆగితే తినేదేంటని సగం మంది తిట్టారు. జోజప్ప అనే ముసలాయన మాత్రం సుత్తి కింద పెట్టాడు. మెల్లగా తక్కినవాళ్ళూ పెట్టారు. నాలుగో రోజు జీపులో జాలీలొచ్చాయి. నలభై మందికి పంతొమ్మిది. వంతులవారీగా పెట్టుకోమన్నారు.

హన్నమ్మ కంటి సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనే అర్జీ రాశాను. మొదటి రిపోర్టు అబద్ధమని, దాన్ని రాసింది నేనేనని సంతకం పెట్టాను. వారంలో నా ఉద్యోగం పోయింది.

ఏడాదికి జవాబొచ్చింది. ప్రమాదం జరిగిన రోజున హన్నమ్మ అనే మనిషి హాజరుపట్టీలోనే లేదట. ఆ పొద్దున ఆ పేరు రాసింది నేను. ఎవరో కొట్టేశారు. హన్నమ్మకి చదివి వినిపించాక ఆ కాగితాన్ని అక్కడే చింపెయ్యాలనిపించింది.

హన్నమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని మడిచి రవికలో పెట్టుకుంది. "ఇంకోటి రాయండి" అంది.

ఆమె ఒంటికంటితో నాట్లేసి, కోతలు కోసి పిల్లల్ని పెంచింది. ఆ తర్వాత ఆరేళ్ళలో ఇంకో పదకొండు అర్జీలు పెట్టాం. వాటిలో ఒక్కదానికీ జవాబు రాలేదు.